జొన్నరొట్టె అంచు ఎందుకు పగులుతది?

బిడ్డలారా,

చపాతీ సాఫుగా వస్తది, జొన్నరొట్టె అంచులే ఎందుకు పగులుతయని చిన్నోడు అడిగిండు. మంచి ప్రశ్న.

గోధుమపిండిని బంకమన్ను అనుకోండి. చల్లనీళ్లతో పిసికినా సాగుతది, అందులో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఉంటది. జొన్నపిండిల అది లేదు, దుబ్బమన్నే. దుబ్బతో గోడ నిలవాలంటే బంక కావాలె గదా? ఆ బంక జొన్నలోనే ఉంది, మసిలే నీళ్లు పోస్తేనే బయటపడతది. పిండిల గంజి ఉడికి జిగట పడతది. గ్లాసు పిండికి గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు, చిటికెడు ఉప్పు. గంటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే గట్టిగా పిసకాలె. ఒక్క రొట్టెకు సరిపడా ముద్దనే తీసి తట్టాలె, మిగతాది తడిబట్ట కింద ఉంచాలె. ఆరిన గోడ లెక్కనే ఆరిన ముద్ద నెర్రెలిస్తది. నెర్రె పడ్డచోట తడివేలితో మెత్తాలె. పాత పిండైతే ఎంత పిసికినా నిలవదు, చేదెక్కుతది కూడా. అందుకే గిర్నిల కొద్దికొద్దిగానే పట్టిస్తరు.

పెంక బాగా కాగాలె. పొడిపిండి అంటిన వైపు పైకి వేసి, వెంటనే తడిబట్టతో నీళ్లు అద్దాలె. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పాలె. ఆలస్యమైతే పైపొర బిగిసి పగులుతది, ఆవిరి అందులోంచి పోతది, రొట్టె పొంగదు.

ఇక పుట్టుక. జొన్న మనది కాదు, ఆఫ్రికాల సూడాన్ దిక్కుది. అక్కడి మనుషులు దాదాపు 5000 ఏండ్ల కింద దాన్ని సాగుకు తెచ్చిండ్రు. తర్వాత సముద్రం దాటి మన దేశానికొచ్చింది. ఎవరి మూటల వచ్చిందో ఆ మనుషులకు దండం పెట్టాలె. ఇప్పుడు పాలమూరు, రాయచూరు, షోలాపూరు మూడు చోట్లా మూడు భాషలోళ్లు ఇదే రొట్టె తడతరు. నల్లగొండల మాత్రం 1967ల నాగార్జునసాగర్ నీళ్లొచ్చి కాలువ కింద వరి పెరిగింది, 1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినయి. రొట్టె తినే ఇండ్లల్ల అన్నం రోజూ వండసాగిండ్రు. ఆకలి తీరింది, అది మంచే. కానీ రొట్టె తట్టే చెయ్యి తగ్గింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్న.

సంక్రాంతికి గద్వాల, అలంపురం దిక్కు పొండి. నల్లరేగడిల మాఘిజొన్న, అంటే వానకాలం చివర్ల వేసే జొన్న, నిలబడి ఉంటది. వానలు ఆగి నెలలైనా నేలల దాగిన తేమతోనే ఎదుగుతది. రైతును అడిగి జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని పిడికిట పట్టి చూడండి. పాలకంకులుంటే ఊసబియ్యం, అంటే లేత జొన్నగింజలు, కాల్చి పెట్టమని అడగండి, కాదనరు.

మీ తాత