గింజల్లేని పుచ్చకాయకు విత్తనం ఎక్కడిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

గింజల్లేని పుచ్చకాయను మళ్ళీ ఎలా పండిస్తారని అడిగారు కదా. సూదిమందు వేస్తే గింజలు పోతాయని ఎవరో చెప్పారట, అది వట్టిమాట. విత్తనంతోనే పండిస్తారు. కాకపోతే ఆ విత్తనం వేరే కాయలోంచి వస్తుంది.

మామూలు పుచ్చ మొక్క కణంలో 22 క్రోమోజోములు (వంశ లక్షణాలను మోసే పోగులు), అంటే 11 జతలు ఉంటాయి. లేత మొక్క చిగురుకు కోల్చిసిన్ అనే మందు రాస్తే అవి రెట్టింపై 44 అవుతాయి. ఆ మొక్క ఆడపువ్వు మీద మామూలు మొక్క పుప్పొడి వేస్తే, తల్లి నుంచి సగం అంటే 22, తండ్రి నుంచి సగం అంటే 11 కలిసి 33 క్రోమోజోముల విత్తనం తయారవుతుంది. జపాన్‌లో కిహరా అనే శాస్త్రవేత్త బృందం చూపిన దారి ఇది. ఆ విత్తనం మొలుస్తుంది, తీగ సాగుతుంది, పూస్తుంది. కానీ మూడేసి ఉన్న క్రోమోజోములు జతలుగా సరిగ్గా విడిపోలేవు. అందుకే గింజ కట్టదు, తెల్లటి మెత్తటి పొట్టు మాత్రం మిగులుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. ఈ తీగకు పనికొచ్చే పుప్పొడి ఉండదు, అయినా పుప్పొడి పడితేనే కాయ నిలుస్తుంది. అందుకని పక్కనే గింజలుండే పుచ్చ కూడా వేస్తారు, తేనెటీగలు మిగతా పని చూసుకుంటాయి. పంట పంటకీ విత్తనం కొత్తగా తయారు చేయాల్సిందే కాబట్టి దాని ఖరీదూ ఎక్కువే.

ద్రాక్ష దారి వేరు. అందులో గింజ మొదలవుతుంది గానీ లేతగా ఉన్నప్పుడే ఎదగడం మానేస్తుంది. పండును ఉబ్బించే హార్మోన్లు గింజలోంచే రావాలి కాబట్టి, ఆ లోటు తీర్చడానికి గుత్తులపై జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్ చల్లుతారు. కొత్త తీగ కావాలంటే కొమ్మ ముక్క నాటితే చాలు, వేళ్ళు వస్తాయి. గింజల్లేని నాభి నారింజకైతే అంటు కడతారు. 1873లో ఎలైజా టిబ్బెట్స్ కాలిఫోర్నియాలో నాటించిన రెండు నాభి నారింజ మొక్కల్లో ఒకటి ఇప్పటికీ బతికే ఉంది.

అరటికి పుప్పొడితోనే పని లేదు. పండును అడ్డంగా కోస్తే కనిపించే నల్లచుక్కలు గింజలు కాబోయి ఆగిపోయినవే. చెట్టు మొదలు దగ్గర వచ్చే పిలకను తవ్వి నాటితే చాలు, లేదంటే టిష్యూ కల్చర్‌తో ఒక్క ముక్క నుంచి వేల మొక్కలు పుట్టిస్తారు. నాకు కాస్త భయం అనిపించేది ఇక్కడే. పిలక అంటే తల్లి మొక్కే, తేడా ఉండదు. ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపుతుంది. ఒకప్పుడు ఎగుమతుల్లో ఏలిన గ్రోస్ మిషెల్ అరటి 1950ల నాటికి పనామా తెగులుతో కుదేలైంది. దాని స్థానంలోకి వచ్చిన కావెండిష్‌కూ ఇప్పుడు అదే బూజు తెగులు కొత్త రూపంలో సోకుతోంది. అది నేలలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, మందుతో వదలదు. తట్టుకునే రకం కోసం శాస్త్రవేత్తలు నిండా గట్టి గింజలుండే అడవి అరటితో సంకరం చేస్తున్నారు.

మీ
తాతయ్య