ఫర్నేస్ ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

చలి ప్రదేశాల్లో గ్యాస్ మండించి ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ వెలగకపోతే యంత్రం పాడైందనో, గ్యాస్ రావడం లేదనో అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. వెలిగే ముందు ఫర్నేస్ వరసగా కొన్ని విషయాలు సరిచూసుకుంటుంది. వాటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా గ్యాస్ వదలదు. అందుకే విడిభాగాల జోలికి వెళ్ళేముందు అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో తెలుసుకోవాలి.

చాలావరకు చెవులే ఆ సంగతి చెబుతాయి. ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌లో ఉష్ణోగ్రత పెంచి ఫర్నేస్ పక్కన నిలబడండి. ముందు ఒక చిన్న ఫ్యాన్ మొదలవుతుంది. కాలిన వాయువులను ఇంటి బయటికి నెట్టేది ఇదే. అసలు ఈ చప్పుడే రాకపోతే థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, ఫర్నేస్ స్విచ్ చూడాలి. ఫర్నేస్ ముందు తలుపు సరిగ్గా బిగించకపోయినా కరెంటు అందదు. ఫిల్టర్ మార్చిన రోజున వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

ఫ్యాన్ తిరిగి, తిరిగి, ఆ తరువాత ఏమీ జరగడం లేదంటే అనుమానించవలసింది గాలి దారిని. గొట్టంలో గాలి నిజంగా కదులుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటేనే పని ముందుకు సాగుతుంది. బయట గొట్టం మూతికి మంచో, పక్షి గూడో అడ్డుపడి ఉండవచ్చు. స్విచ్‌కు తగిలించిన సన్నని రబ్బరు గొట్టం ఊడిపోయి ఉండవచ్చు. ఎక్కువ సామర్థ్యమున్న ఫర్నేసుల్లో కాలిన వాయువుల్లోని ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ నీళ్ళు పోయే దారి పూడుకుపోయినా ఫలితం ఇంతే.

గాలి సరిపోయిందనుకుంటే ఇప్పటి ఫర్నేసుల్లో చాలావాటిలో గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాగుతుంది. ఇది సిలికాన్ కార్బైడ్‌తోనో, సిలికాన్ నైట్రైడ్‌తోనో చేసిన చిన్న పలక. కరెంటు పారితే దీని వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సహజవాయువులో ప్రధానమైన మీథేన్ అంటుకోవడానికి 540 డిగ్రీల దగ్గర వేడి చాలు. అయితే గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. కార్బైడ్ రకం పెళుసు. వెంట్రుకంత చీలిక పడినా ఎర్రబడదు. దాన్ని వేళ్ళతో ముట్టుకోకూడదు. ఇగ్నైటర్ ఎర్రబడినా మంట రాకపోతే గ్యాస్ గొట్టం మీది వాల్వ్ తెరిచి ఉందో లేదో చూడాలి.

మంట వచ్చి నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంటే చూడవలసింది మంట ఉందో లేదో కనిపెట్టే ఫ్లేమ్ సెన్సర్. ఫర్నేస్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ చిన్న లోహపు కడ్డీయే. మండుతున్న మీథేన్‌లో విద్యుదావేశమున్న కణాలు, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు పుడతాయి కాబట్టి మంట గుండా కరెంటు పారుతుంది. మంటలో ఉన్న కడ్డీకి ఏసీ వోల్టేజీ, అంటే దిశ మారుతూ ఉండే వోల్టేజీ, ఇస్తారు. అటు సన్నని కడ్డీ, ఇటు భూమికి కలిపిన పెద్ద బర్నర్. ఈ వైశాల్యాల తేడా వల్ల కరెంటు ఒక దిశలో ఎక్కువగా, ఎదురు దిశలో తక్కువగా పారుతుంది. ఫలితంగా ఒకే దిశలో కొద్దిపాటి కరెంటు మిగులుతుంది. అది కొన్ని మైక్రోఆంపియర్లే, అంటే ఆంపియర్‌లో పదిలక్షవ వంతులు కొన్ని. ఫర్నేస్‌ను నడిపించే కంట్రోల్ బోర్డు వెతికేది దీన్నే. పొరపాటున కడ్డీ లోహానికి తగిలితే కరెంటు రెండు దిశల్లోనూ సమానంగా పారుతుంది గనుక బోర్డు మోసపోదు. మంటకు మాత్రమే ఉన్న గుణాన్ని పట్టుకుని దాన్నే సాక్ష్యంగా అడగడం ఎంత గొప్ప ఆలోచనో!

కాలక్రమంలో కడ్డీ మీద కరెంటు పారనివ్వని సన్నని పొర పేరుకుంటుంది. మంట కళ్ళెదుట ఉన్నా బోర్డుకు కనిపించదు. వెంటనే గ్యాస్ కట్టేస్తుంది. కరెంటు, గ్యాస్ రెండూ ఆపి, కడ్డీ తీసి, సన్నని స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దితే తరచు సరిపోతుంది.

కొన్నిసార్లు ప్రయత్నించి విఫలమైతే బోర్డు కాసేపు మొండికేస్తుంది. దాని మీది చిన్న దీపం ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టి, సాధారణంగా తలుపు లోపలివైపు అతికించి ఉండే పట్టికలో చూసుకుంటే ఆగిన చోటు తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ కరెంటు తీసి పెడుతూ బలవంతంగా వెలిగించే ప్రయత్నం వద్దు. ప్రెషర్ స్విచ్ తీగలు రెండూ కలిపేసి ఫర్నేస్‌ను నడపమనే సలహా ఎవరిచ్చినా వినకండి. కాలిన వాయువులు బయటికి పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్ళి, అక్కడి నుంచే గ్యాస్ సంస్థకు ఫోను చేయాలి.