పేగులో ముద్రారాక్షసాలు

"మా బాబాయికి 46 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. మా నాయనమ్మ కూడా 49 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయింది. కాకపోతే ఆమెది గర్భసంచి. ఇది మా వంశంలో ఉన్నట్టేనా? నేను టెస్ట్ చేయించుకోవాలా?"

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి అడిగింది. చుట్టాలు అప్పటికే తీర్పు చెప్పేశారట. ఒకరు కారం ఎక్కువ తినడం వల్లే అన్నారు, ఇంకొకరు నాగదోషం అన్నారు. నాయనమ్మ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. పేగెక్కడ, గర్భసంచెక్కడ అని.

ఆ అమ్మాయి "కాకపోతే" అన్న చోటే కథంతా ఉంది. 50 ఏళ్లలోపు, ఒకే కుటుంబంలో ఒకరికి పేగుకీ ఒకరికి గర్భసంచికీ క్యాన్సర్ వస్తే డాక్టర్లు ముందు అనుమానించేది వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్‌ని. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 3 శాతం దీనివల్ల వచ్చేవే. పేగు నిండా వందలకొద్దీ పాలిప్స్ (చిన్న బుడిపెలు) మొలిచే ఎఫ్ఏపీ అనే జబ్బు వేరే ఉంది, అదీ వంశపారంపర్యమే. దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. నాకు లించ్ మీదే ఆసక్తి, దానికి కారణం నా పాత ఉద్యోగం.

డిగ్రీ చదివే రోజుల్లో విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఎడమవైపు రచయిత రాతప్రతి, కుడివైపు తడి ఆరని గ్యాలీ (దిద్దడానికి తీసిన తొలి అచ్చు కాగితం), మధ్యలో స్కేలు. ఎంత చెయ్యి తిరిగిన కంపోజిటరైనా ఒకచోట తడబడేవాడు: ఒకే అక్షరం వెంటవెంటనే వచ్చే చోట. "మా మామ మామిడితోట" అని ఉంటే, ఎన్ని 'మా'లు పేర్చాడో వేళ్లు మర్చిపోయేవి. ఒకటి ఎగిరిపోయేది, లేదా ఒకటి ఎక్కువయ్యేది.

డీఎన్ఏకి నకలు తీసే ఎంజైమూ సరిగ్గా అక్కడే తడబడుతుంది. 'ఏ' అనే అక్షరం వరసగా పదిసార్లు వస్తే, తొమ్మిదో పదకొండో వేసి ముందుకెళ్లిపోతుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఎత్తిరాయాల్సింది 600 కోట్ల అక్షరాలు. ఎంజైము తన తప్పులు చాలావరకు తానే దిద్దుకుంటుంది. అయినా కోటికి ఒకటి మిగిలిందనుకుంటే 600 తప్పులు. వాటి కోసం ప్రూఫ్ రీడర్ల లాంటి ప్రోటీన్లు జంటలుగా తిరుగుతాయి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 జంట తప్పు మీద వేలు పెడుతుంది. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 జంట వచ్చి ఆ ముక్క కోయించి మళ్లీ రాయిస్తుంది.

అయితే డీఎన్ఏకుండే రెండు పోగుల్లో ఒకటి పాతది, ఒకటి కొత్త నకలు. వాటిలో రాతప్రతి ఏది, గ్యాలీ ఏది? అక్షరాలు చూస్తే తెలియదు. పొరబడితే మూలాన్నే కొట్టేసి తప్పును ఖాయం చేసినట్టు. కొత్త పోగులో ఇంకా అతుక్కోని గాట్లుంటాయి, వాటిని బట్టి ఆనవాలు పడతాయి. ఈ దిద్దుబాటు గుట్టు విప్పినందుకే పాల్ మోడ్రిచ్‌కి 2015 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. మా బళ్లో జన్యుశాస్త్రం బఠానీ మొక్కల దగ్గరే ఆగిపోయింది, ఇంత మజా ఉందని ఎవరూ చెప్పలేదు.

ఒక్క అక్షరం పోతే ఏమవుతుందంటారా? కణం డీఎన్ఏను మూడేసి అక్షరాలుగా చదువుతుంది. "అమల కమల విమల"లో మొదటి 'మ' తీసేసి, మళ్లీ మూడేసి చొప్పున చదవండి: "అలక మలవి మల". అక్కడి నుంచి చివరిదాకా అంతా చెత్తే. టీజీఎఫ్‌బీఆర్2 అనే జన్యువులో పది 'ఏ'లు వరసగా ఉన్నాయి. పేగు కణానికి "పెరిగింది చాలు" అన్న కబురు అందుకునే ప్రోటీన్ దాంట్లోంచే వస్తుంది. అక్కడ ఒక 'ఏ' జారి, దిద్దేవాళ్లు లేకపోతే బ్రేకు పోయినట్టే. పైగా పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది, రాత్రీ పగలూ నడిచే ప్రెస్సన్నమాట. ఇందులో ఒక మేలూ ఉంది. ఈ "మలవి మల" ప్రోటీన్లు పరాయివిగా కనిపించి రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి. ఈ రకం క్యాన్సర్ మీద, ఆ కణాలను ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ బాగా పనిచేసేది అందుకే.

లించ్ కుటుంబాల్లో ఒక ప్రూఫ్ రీడర్ జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. ఏదో ఒక పేగు కణంలో రెండోదీ చెడినప్పుడు కథ మొదలవుతుంది. చెడ్డ ప్రతి పిల్లలకు వచ్చే అవకాశం సగం, ఆడైనా మగైనా. దీనికి మేనరికం అక్కర్లేదు. కానీ మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే చెడ్డ ప్రతి ఉండి, బిడ్డకు రెండూ వస్తే, క్యాన్సర్ చిన్నతనంలోనే రావచ్చు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఏ చిన్న ఇబ్బందికైనా గర్భసంచి తీయించేయడం ఇక్కడ మామూలు కాబట్టి, చాలా ఇళ్లలో ఆడవాళ్ల చరిత్ర సగం చెరిగిపోయి ఉంటుంది.

ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను: ముందు నువ్వు కాదమ్మా, బాబాయి. జబ్బు పడ్డ మనిషిలో తప్పేంటో దొరికితేనే మిగతావాళ్లలో దేనికోసం వెతకాలో తెలుస్తుంది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను మైనం బ్లాకులో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు. దాని మీద ఆ నాలుగు ప్రోటీన్లకు రంగు పట్టిస్తారు. ఎంఎల్‌హెచ్1 కనిపించలేదంటే వెంటనే లించ్ అని కంగారు పడక్కర్లేదు, పెద్ద వయసులో వంశంతో సంబంధం లేకుండానే అది మూగబోతుంటుంది. బాబాయి రిపోర్టులో మాత్రం ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ లేవు. తర్వాత రక్తపరీక్షలో ఎంఎస్‌హెచ్2లోనే తప్పు తేలింది.

ఆయనకి కీమో కంటే పెద్ద బాధ, "నా పిల్లలకి నేనే అంటించానా" అని. ఇద్దరూ పదేళ్లలోపు పిల్లలే, వాళ్లకు పరీక్ష పెద్దయ్యాక చూసుకోవచ్చు. తర్వాతి వంతు ఆ అమ్మాయి నాన్నది. ఆయనకి లేకపోతే ఆమెకి ఆ పరీక్షే అక్కర్లేదు. "నాకేం లేదు, దుక్కలా ఉన్నా" అని ఆయన రెండు నెలలు తప్పించుకున్నారు. చివరికి రక్తపరీక్షలో ఉందనే తేలింది. అమ్మాయి కూడా రక్తం ఇచ్చి వచ్చింది. ఉన్నవాళ్లకు 20, 25 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేస్తారు. పాలిప్ క్యాన్సర్‌గా మారకముందే తీసేయడానికి.

మొన్న రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నాన్నకి తెల్లారితే కొలనోస్కోపీ. పేగు శుభ్రం చేసే పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు ముందు పెట్టుకుని, పావుగంటకో గ్లాసు తాగుతూ, నాలుగో గ్లాసు దగ్గర ఇక నావల్ల కాదని ఆయన కూలబడ్డారట. పక్కన కుర్చీలో బాబాయి, చేతిలో వాచీ.

"ఇంకా మూడున్నాయి అన్నయ్యా. నేను తాగలేదా? పట్టు."