కంప్యూటరు పాడైందని చెప్పే ముందు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం బరంపురం నుంచి మీరు ఫోను చేసి, "తాతయ్యా, కంప్యూటరు పాడైపోయింది, నువ్వు పంపిన తెలుగు ఫైలు కూడా పాడైపోయింది" అని చెప్పినప్పుడు, తెర మీద ఏం కనిపిస్తోందని అడిగాను. పెద్దది డబ్బాలంది, నడిపివాడు ప్రశ్నార్థకాలన్నాడు, చిన్నవాడు ఏవో పిచ్చి అక్షరాలన్నాడు. ఈ మూడూ ఒకటి కావు. ఒకటి కనిపిస్తే ఫైలు క్షేమంగా ఉన్నట్టు, మరొకటి కనిపిస్తే అందులోని మాటలు పోయినట్టు. ఫోనులో అంత వివరంగా చెప్పడానికి కుదరలేదు కనుక తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నెమ్మదిగా, కంప్యూటరు పక్కన పెట్టుకుని చదవండి.

ఏమైందో తెలుసుకోకుండా "పాడైంది" అనుకోవడం వల్ల నాకు జరిగిన నష్టం ముందుగా చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా ఎంత దెబ్బతిన్నదో మీ నాన్న మీకు చెప్పే ఉంటాడు. మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చాక కంప్యూటరు వేస్తే, నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో రెండు వరుసలు వచ్చి అది అక్కడే ఆగిపోయింది. ముందుకు వెళ్లడానికి ఎఫ్1 నొక్కమని చివర ఉంది, నొక్కాను. విండోస్ వచ్చింది కానీ, ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షను సురక్షితం కాదని చెప్పి లోపలికి పోనివ్వలేదు. వైరసు పట్టిందని నేను అనుకున్నాను. చూడడానికి వచ్చిన మెకానిక్కూ అలాగే అనుకుని, హార్డ్ డిస్కు ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాడు. రాత్రి స్విచ్ కట్టేసి, మర్నాడు పొద్దున్న వేస్తే మళ్లీ అదే నల్లటి తెర, అవే రెండు వరుసలు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని వాటిని మొదటిసారి చదివాను. తేదీ, సమయం సరిగా లేవు, సరిచేయండి అని ఉంది. కరెంటు వచ్చిన రోజు నుంచీ అది ఆ మాటే చెబుతోంది.

అసలు సంగతి ఇది. డెస్క్‌టాప్ కంప్యూటరు డబ్బా లోపల, మదర్‌బోర్డు మీద, రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్2032, మూడు వోల్టులది. గోడ ప్లగ్గులో కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్లకు అది అరిగిపోతుంది. కరెంటు ఉన్నంతకాలం అరిగిపోయిన సంగతి బయటపడదు. కరెంటు పూర్తిగా తీసేసినప్పుడు గడియారం ఆగి, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ప్రతి సురక్షితమైన వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందనే ధ్రువపత్రం ఉంటుంది. మన కంప్యూటరు తానింకా పదేళ్ల కిందట ఉన్నాననుకుంటే, ఆ పత్రాలన్నీ ఇంకా అమలులోకి రానివిగా దానికి కనిపిస్తాయి, అందుకని ఒక్కదాన్నీ నమ్మదు. ఆ బిళ్ల మార్చి, తేదీ సరిచేస్తే సరిపోయేది. దానికి బదులు డిస్కు తుడిచేశాం. అందులో మీ నాయనమ్మ మూడేళ్లపాటు కూర్చుని తెలుగులో టైపు చేసుకున్న పెళ్లిపాటలు ఉన్నాయి. మరెక్కడా నకలు లేదు. ఆమె పోయిన తరువాత ఆ ఫైళ్లే మాకు మిగిలిన ఆమె మాట.

అందుకే తెర మీద ఏ హెచ్చరిక వచ్చినా, అది మీకు పూర్తిగా అర్థం కాకపోయినా, చివరి అక్షరం వరకూ చదవాలని, ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోవాలని నేను మిమ్మల్ని అడుగుతున్నాను. తరువాత, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో గుర్తు చేసుకోండి: కొత్త ప్రోగ్రాం వేశారా, కరెంటు పోయిందా, ఎవరైనా పెన్‌డ్రైవు పెట్టారా? అలాగే ఇబ్బంది ఎంతవరకు ఉందో చూడండి. ఒక్క ఫైలే తెరుచుకోవడం లేదా, అన్నీనా? మీ కంప్యూటరులోనే నెట్ రావడం లేదా, అదే వైఫైలో ఉన్న అమ్మ ఫోనులోనూ రావడం లేదా? ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే, తప్పు లైనుదీ రౌటరుదీ కాదని ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడిగితే ఎవరైనా మీకు సాయం చేయగలరు. పాడైపోయిందన్న ఒక్క మాటతో ఎంత తెలిసినవాడైనా ఏమీ చేయలేడు.

ఆపి మళ్లీ వేసి చూడమని అందరూ చెబుతారు. ఆ మాట సరైనదే కానీ అందులో ఒక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి, షట్ డౌన్ అని నొక్కినప్పుడు కంప్యూటరు పూర్తిగా మొదటికి వెళ్లదు. మళ్లీ త్వరగా లేవడం కోసం, తన లోపలి వ్యవస్థ అప్పుడున్న స్థితిని డిస్కు మీద దాచిపెట్టి నిద్రపోతుంది, మరునాడు దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. అందుచేత నిన్నటి తికమక ఇవాళ కూడా ఉండవచ్చు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. ప్రింటరు పలకనప్పుడు, శబ్దం రానప్పుడు, ఏదో బిగుసుకుపోయినప్పుడు మీరు నొక్కవలసింది రీస్టార్టే. ఒక్క ప్రోగ్రామే బిగుసుకుంటే అది కూడా అక్కరలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో ఆ ప్రోగ్రాంను ఎంచుకుని ముగించవచ్చు. కంప్యూటరు మందకొడిగా ఉన్నప్పుడు ప్రాసెసరును, మెమరీని, డిస్కును ఏది ఎక్కువగా వాడుతోందో కూడా అక్కడే కనిపిస్తుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. మనలాంటి వాళ్లకు, అంటే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటరులో ఇంగ్లీషు ఉన్న సరిహద్దువాళ్లకు, ఇది తప్పకుండా తెలియాలి.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. కాబట్టి ఏ అక్షరానికి ఏ అంకె అని ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టిక ఒకటి కావాలి. అదే యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగూ ఒడియా కూడా ఉన్నాయి. మన దేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ అనే పట్టిక వరుసనే భారతీయ లిపులకు తీసుకున్నారు. దాని ఫలితం చూడండి: తెలుగు 'క' అంకె 3093, ఒడియా 'క' అంకె 2837. తెలుగు 'మ' 3118, ఒడియా 'మ' 2862. తీసివేసి చూడండి, రెండు చోట్లా తేడా సరిగ్గా 256 వస్తుంది. రెండు లిపులకూ అక్షరాల వరుస ఒకటే, మొదలయ్యే చోటు వేరు. ఇది మొదట తెలిసిన రోజున నేను కాగితం తీసుకుని మిగిలిన హల్లులు కూడా లెక్క వేసి చూసుకున్నాను. మీరూ వేసి చూడండి.

తెర మీద ఖాళీ డబ్బాలు కనిపిస్తే, అంకెలు భద్రంగా ఉన్నాయి, వాటికి బొమ్మలు గీసే ఫాంటు మాత్రం ఆ కంప్యూటరులో లేదు. విండోస్ ఎక్స్‌పీతో తెలుగుకు గౌతమి, విస్టాతో ఒడియాకు కళింగ అనే ఫాంట్లు వచ్చాయి. విండోస్ 8 నుంచి నిర్మల అనే ఒక్క ఫాంటే రెండింటినీ చూపిస్తోంది. అందుచేత ఇప్పటి కంప్యూటర్లలో మన అక్షరాలకు డబ్బాలు రావడం తక్కువ. మన జిల్లాలోని సవరల భాషకు 1936లో తయారైన సొరాంగ్ సొంపెంగ్ లిపి మాత్రం 2012లో గాని యూనికోడ్‌లోకి రాలేదు. మీ బడిలో సవర స్నేహితులెవరైనా ఆ లిపిలో ఏదైనా పంపితే పాత ఫోనులో డబ్బాలే కనిపించవచ్చు. అవి చూసి, ఏమీ లేదనుకుని తుడిచేయకండి, ఫాంటు ఉన్న చోట తెరిస్తే చక్కగా కనిపిస్తుంది.

తల మీద గీతలున్న ఇంగ్లీషు 'ఎ' లాంటి అక్షరాలూ చిన్న సున్నాలూ పదే పదే వస్తుంటే, అది కూడా నయమయ్యేదే. యూనికోడ్ అంకెలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అంటే మూడు చిన్న గళ్లు, పడతాయి. చదివే ప్రోగ్రాం పొరపాటున ఆ మూడింటినీ మూడు యూరపు అక్షరాలుగా చూపిస్తోందన్నమాట. ఆ ప్రోగ్రాంలో ఎన్‌కోడింగ్ అనే చోట యూటీఎఫ్-8 ఎంచుకుని తెరిస్తే తెలుగు వచ్చేస్తుంది. పొందిక లేని ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే కనిపిస్తే, అది బహుశా పాత డీటీపీ ఫాంటుతో, అంటే అచ్చు పనులకు కంప్యూటరులో వాడిన ఫాంటుతో, కొట్టిన ఫైలు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు గీసి పెట్టారు. అదే ఫాంటు కావాలి, లేదా యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాం కావాలి. మన ఊళ్లలో పాత పెళ్లి శుభలేఖల ఫైళ్లు ఎక్కువగా ఇలాంటివే.

ప్రశ్నార్థకాలే వరుసగా ఉంటే మాత్రం బాధపడవలసిందే. ఎవరో ఆ ఫైలును తెలుగుకు చోటులేని పాత పద్ధతిలో భద్రపరిచారు. ప్రతి అక్షరం అంకె పోయి, దాని స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం చేరింది. ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు, అసలు ఫైలు పంపినవారినే మళ్లీ అడగాలి. పాత నోట్‌ప్యాడ్‌లో ఇలా తరచుగా జరిగేది. 2019 విండోస్ 10 కూర్పు నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో భద్రపరుస్తోంది. అంతకుముందు కూడా, ఇలా భద్రపరిస్తే కొన్ని అక్షరాలు పోతాయి అని అది ముందుగా హెచ్చరించేది. చదవకుండా సరే అని నొక్కినవాళ్ల మాటలే పోయాయి.

టైపు చేసేటప్పుడు ఉన్నట్టుండి ఒడియా పడుతోందని మీరు చెప్పినదానికి సమాధానం చిన్నది. విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కితే కీబోర్డు ఒక భాష నుంచి మరో భాషకు మారుతుంది, మీ వేళ్లు తెలియకుండా వాటిని తాకి ఉంటాయి. మళ్లీ అవే నొక్కండి. అయితే మీరు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలని నా కోరిక. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలా వరకు కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు 'కె' ఉన్న మీట తెలుగులో 'క', ఒడియాలోనూ 'క', హిందీలోనూ 'క'. 'హెచ్' మీట అన్నింటిలోనూ 'ప'. ఒక్కసారి వేళ్లకు అలవాటైతే ఇంటి భాషా బడి భాషా రెండూ వస్తాయి. రెండు లిపుల మధ్య పెరుగుతున్న పిల్లలకు ఇంతకంటే లాభమైన శ్రమ నాకు కనిపించలేదు.

పొరపాటున ఫైలు తుడిచేస్తే ముందు రీసైకిల్ బిన్ చూడండి. అందులోనూ లేకపోతే ఆ కంప్యూటరులో ఇంకేమీ దాచకండి, ఏమీ దింపకండి. హార్డ్ డిస్కులో తుడిచిన ఫైలు వెంటనే మాయం కాదు, ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, కొత్తది దాని మీద పడినప్పుడే నిజంగా పోతుంది. హార్డ్ డిస్కుకు బదులు ఇప్పుడు వస్తున్న ఎస్‌ఎస్‌డీలలో మాత్రం తుడిచిన ఫైలు తిరిగి దొరికే అవకాశం చాలా తక్కువ. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు కంప్యూటరునూ రౌటరునూ ప్లగ్గు నుంచి పూర్తిగా తీసేయండి. స్విచ్ కట్టేసినంత మాత్రాన పిడుగుపాటుకు వచ్చే కరెంటు ఆగదు.

ఇంకొక్క మాట. మీ కంప్యూటరులో వైరసు ఉంది, ఈ నంబరుకు ఫోను చేయండి అని తెర నిండా ఎర్రటి హెచ్చరిక వస్తే అది మోసం. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. టాస్క్ మేనేజర్‌తో బ్రౌజరు ముగించి అమ్మకో నాన్నకో చెప్పండి. ఇంట్లో ఎవరి డబ్బైనా అలా పోతే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించండి.

నేను పంపిన ఆ ఫైలులో ఉన్నవి మీ నాయనమ్మ పాటలే. పాతపట్నంలో మీ మేనత్తకు గుర్తున్నవి, నాకు గుర్తున్నవి కలిపి మళ్లీ టైపు చేస్తున్నాను, ఇప్పటికి పదిహేడు పాటలయ్యాయి. ఒక నకలు నా కంప్యూటరులో, ఒకటి బీరువాలోని పెన్‌డ్రైవులో ఉన్నాయి. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కనుక మూడోది మీ దగ్గర ఉండాలని పంపాను. కాబట్టి పెద్దది ఆ ఫైలును మూయకుండా, భద్రపరచకుండా, తెరకు ఒక ఫోటో తీసి ఇవాళే నాకు పంపాలి. డబ్బాలైతే ఫాంటు పంపుతాను, గీతల అక్షరాలైతే ఏం చేయాలో మీకే తెలుసు. ప్రశ్నార్థకాలైతే దాన్ని తీసేసి చెప్పండి, ఇక్కడి నుంచి మరో నకలు పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య