లీడింగ్ లైన్స్: గీత ఎక్కడ ఆగుతోందో చూశారా?

చెన్నైలో ఆదివారం పొద్దున్నే ఫొటో వాక్‌కి వెళ్తుంటాం. వచ్చేది ఎక్కువగా నెల్లూరు, చిత్తూరు నుంచి ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలే. లీడింగ్ లైన్స్, అంటే ఫొటోలో మన చూపుని అసలు విషయం (సబ్జెక్ట్) దగ్గరికి నడిపించే గీతల గురించి వాళ్ల నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: గీత ఉంటే చాలు, చూపు సబ్జెక్ట్ దగ్గరికి వెళ్లిపోతుంది.

వెళ్లదు. చూపు ముందుగా ముఖాల మీదో, వెలుగునీడల తేడా గట్టిగా ఉన్నచోటో పడుతుంది. 2022లో చెస్ ఒలింపియాడ్‌కి నేపియర్ బ్రిడ్జి మీద నలుపు తెలుపు గళ్లు వేసినప్పుడు నేను తీసిన ఫొటోలు చాలావరకు అందుకే చెడ్డాయి. కమానులు వరసగా లోపలికి వెళ్తున్నాయి, చివర సైకిల్ మీద ఒకాయన ఉన్నాడు. చూపు మాత్రం గళ్లలోనే చిక్కుకుపోయింది.

గీత ఉండటం కన్నా అది ఎక్కడ ఆగుతుందన్నదే ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు కాశిమేడు హార్బర్‌కి వెళ్తే కట్టేసిన పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు కనిపిస్తారు. ఒకసారి అక్కడ మా వాక్‌కి వచ్చిన ఒక అమ్మాయి తన ఫోన్ చూపించి, "అన్నా, తాడు ఇంత బాగుంది, ఫొటో ఎందుకు తేలిపోయింది?" అంది. నీలం నైలాన్ తాడు, ఉప్పు ఆరి పోగుల మీద తెల్లగా పేరుకుంది. తన ఫ్రేమ్‌లో అది వల కుట్టే పెద్దాయన భుజం పక్కనుంచి నేరుగా బయటికి పోయింది. "మోకాళ్ల మీద కూర్చో, రెండడుగులు ఎడమకి జరుగు" అన్నాను. ఈసారి తాడు ఆమె కాళ్ల దగ్గర లావుగా మొదలై, సన్నబడుతూ వెళ్లి, ఆయన సూది పట్టుకున్న చేతి దగ్గర ఆగింది.

అపోహ: వైడ్ లెన్స్ లేకపోతే లోతు రాదు.

లోతు మీరు నిలబడిన చోటుని బట్టి వస్తుంది. వైడ్ లెన్స్ చేసే మేలల్లా, గీతకి బాగా దగ్గరగా వెళ్లినా చుట్టుపక్కల కూడా ఫ్రేమ్‌లో పట్టేలా చూడటం. మామూలు ఫోన్ చాలు, కిందికి వంగండి.

అపోహ: గీతలు తిన్నగా ఉండాలి.

1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెస్సోఁ తీసిన ఫొటో చూడండి. మెట్ల కటకటాలు మెలి తిరుగుతూ దిగి, కింద వీధిలో దూసుకెళ్తున్న సైకిల్ దగ్గరికి మనల్ని చేరుస్తాయి. అసలు గీతే ఉండక్కర్లేదు కూడా. మెరీనాలో సూర్యోదయం వేళ సముద్రం వైపు తిరిగి నిలబడితే, ఒడ్డున ఉన్నవాళ్ల నీడలు పొడుగ్గా మన వైపే సాగుతాయి. ఆ నీడ పట్టుకుని వెళ్తే మనిషి దొరుకుతాడు.

అపోహ: రైలు పట్టాలంత మంచి గీత ఇంకోటి లేదు.

ఇది వింటేనే నాకు టెన్షన్. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అంతకన్నా ముందు, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి వెనక వచ్చే రైలు తెలియదు. మా వాక్‌లో ఎవరైనా పట్టాల మీదికి దిగితే వాళ్లని అక్కణ్నుంచే ఇంటికి పంపేస్తాను.