గుమ్మానికి కట్టిన కలబంద ఎందుకు చావదు?

దిష్టికని తలకిందులుగా కట్టిన కలబంద మట్టీ నీళ్లూ లేకుండా నెలలు ఎలా బతుకుతుందండీ, మరి మేడ మీద కుండీలో రోజూ నీళ్లు పోసే కలబంద మే నెల రాగానే ఎందుకు ఎర్రబడిపోతోంది అని మా కింద పోర్షన్ ఆవిడ అడిగారు. రెండిటికీ జవాబు ఒక్కటే, పైగా నాకు చాలా ఇష్టమైన జవాబు.

ఆకుకి గాలి కావాలంటే రంధ్రాలు తెరవాలి, తెరిస్తే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ లోపలికి తెచ్చుకోడానికి వరి లాంటి మొక్క 400-500 గ్రాముల నీళ్లు పోగొట్టుకుంటుంది, జొన్న, మొక్కజొన్న లాంటివి 250-300, కలబంద లాంటివి 50-100 తో సరిపెట్టుకుంటాయి. కిటుకేంటంటే ఇవి రంధ్రాలు తెరిచేది రాత్రిపూట, అప్పుడు ఎండ ఉండదు కాబట్టి ఆవిరయ్యేదీ తక్కువే.

పగలు లారీలకి నో ఎంట్రీ ఉన్న బజార్లో ఒక హోటల్ ఉందనుకోండి. రాత్రి షట్టర్ ఎత్తి సరుకు దించుకుంటారు, గోడౌన్‌లో సర్దేస్తారు, తెల్లారేలోపు షట్టర్ వేసేసి పగలంతా లోపల వంట. సరుకు అంటే కార్బన్ డయాక్సైడ్. దాన్ని దించే హమాలీ పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము, అది నీళ్లలో కరిగి బైకార్బనేట్ అయిన సరుకుని పట్టుకుని మూడు కార్బన్లున్న పెప్ అనే పదార్థానికి అంటిస్తే నాలుగు కార్బన్ల ఆక్సలోఅసిటేట్ అవుతుంది, అది మాలిక్ ఆమ్లంగా మారి కణంలో వాక్యూల్ అనే పెద్ద సంచీలోకి పోతుంది, అదీ గోడౌన్. తెల్లారాక ఆమ్లం బయటికొచ్చి విరిగి కార్బన్ డయాక్సైడ్ వదుల్తుంది, రూబిస్కో అనే వంటవాడు ఎండ మంట మీద దాన్ని చక్కెర చేస్తాడు. గోడౌన్ ఎంత పెద్దదైతే అంతే వంట, అందుకే ఇవి అంత నిదానంగా పెరుగుతాయి. ఈ పద్ధతికి క్రాసులేసియన్ ఆసిడ్ మెటబాలిజం అని పేరు, పొట్టిగా క్యామ్. కిత్తనార, నాగజెముడు, అనాస, డ్రాగన్ ఫ్రూట్ అన్నీ ఈ బాపతే.

నీళ్లు అసలే దొరక్కపోతే రాత్రి కూడా షట్టర్ ఎత్తరు. వంటింట్లో పుట్టిన పొగనే, అంటే మొక్క శ్వాసలో వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే, రాత్రి గోడౌన్‌కి ఎక్కించి పగలు మళ్లీ వండుకుంటారు. దీన్ని క్యామ్ ఐడ్లింగ్ అంటారు. గుమ్మానికి వేలాడే కలబంద చేసేది ఇదే, పెరగదు, చావదు. దగ్గరికెళ్లి చూడండి, ఆకులు పలచబడి అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, జిగురులో దాచుకున్న నీళ్లు ఖర్చవుతున్నాయన్నమాట. దిష్టి పోయిందో లేదో నాకు తెలీదు.

అన్నట్టు ఈ క్యామ్ బాపతే అయిన స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది, మంచం పక్కన పెట్టుకోండి అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, తప్పు. రాత్రి అది కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే మాట నిజమే, కానీ ఆక్సిజన్ రావాలంటే నీటి అణువు విరగాలి, దానికి వెలుతురు కావాలి.

ఈ గోడౌన్ సంగతి మొదట బయటపడింది నాలుకతో! ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక సామర్లకోట తోటలు చూసుకున్న బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకు నమిలి చూశాడు, పొద్దున పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి రుచే లేదు, సాయంత్రానికి కాస్త చేదు. మొక్కలూ జంతువుల మీద పరిశోధనలు అచ్చేసే లండన్ లినియన్ సొసైటీ వాళ్లు 1815లో ఆయన ఉత్తరం అచ్చేశారు. మన బళ్లల్లో రణపాల అంటే ఆకు అంచున పిలకలొస్తాయని బొమ్మ గీయించి వదిలేస్తారు, ఈ పులుపు కథ ఒక్క టీచరూ చెప్పరు, పోనీ పొద్దున ఒక ఆకు సాయంత్రం ఒక ఆకు నలిపి పీహెచ్ పేపర్ పెట్టించినా ప్రయోగం అయిపోతుంది. నమలొద్దు, రణపాలలో గుండె మీద పనిచేసే విష పదార్థాలున్నాయి.

ఇక మేడ మీద కుండీ. ఎడారి మొక్కే కదా అని అందరూ నడి ఎండలో పెడతారు. పగలు షట్టర్ మూసుంటుంది కాబట్టి ఆవిరి పోదు, ఆవిరి పోకపోతే ఆకు చల్లబడదు, 43 డిగ్రీల ఎండలో ఆ మందపాటి ఆకు బయటి గాలి కంటే వేడెక్కిపోతుంది. ఎండా ఈ వేడీ కలిసి కొట్టిన దెబ్బే ఆ ఎరుపు, నీళ్లు చాలక కాదు. డ్రాగన్ ఫ్రూట్ రైతులు వేసవిలో షేడ్ నెట్ వేసేది కూడా ఈ గొడవకే. రాత్రి వేడి ఇంకో తంటా, గోడౌన్ సరిగ్గా నిండాలంటే రాత్రి చల్లగా ఉండాలి, మన స్లాబేమో పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. అందుకని కుండీని ఇటుకల మీదకెక్కించండి, పడమటి గోడకి దూరంగా జరపండి, మధ్యాహ్నం నీడ ఉండేట్టు చూడండి. నీళ్లు రోజూ చెంబెడు కాకుండా మట్టి బాగా ఎండాక ఒకేసారి నిండుగా పోయండి, లేకపోతే వేరు కుళ్లుతుంది.

వేసవిలో మేడ మీదకి ఇంకో మొక్క కావాలంటే నా ఓటు గంగవావిలి కూరకి, కొందరు పావిలి కూర అంటారు. మామూలప్పుడు ఇది మొక్కజొన్న పద్ధతిలో, అంటే పగలే షట్టర్ ఎత్తి, జోరుగా పెరుగుతుంది, నీళ్లు ఆపితే దానికి తోడు క్యామ్ కూడా మొదలెడుతుంది, 2022లో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఈ రెండూ ఒకే కణాల్లో కలిసి నడుస్తున్నాయని చూపించారు. వెడల్పాటి తొట్టిలో చల్లుకోండి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించి తెల్లవారుజామున కొన్ని కాడలు, సాయంత్రం కొన్ని కోసి కొరికి చూడండి, తేడా తెలుస్తుంది. పప్పులోకైతే పొద్దున్నే కోసుకోండి, చింతపండు కాస్త తగ్గించొచ్చు.