కనకాంబరం వేళ్ళ దగ్గర బంతి చేసే పని

మా పిన్ని వాళ్ళ పెరట్లో కనకాంబరాలు పోయిన ఆషాఢంలో ఒక్కొక్కటే వాడిపోవడం మొదలైంది. పాదు నిండా నీళ్ళున్నా మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తాయి, సాయంత్రానికి కాస్త తేరుకుంటాయి, వారం తిరిగేసరికి పసుపెక్కిపోతాయి. ఎదురింటావిడ దిష్టి అంది. ఇంకొకావిడ ఎవరో ముట్టుతో తాకి ఉంటారని, పదమూడేళ్ళ మా చెల్లెలు వింటుండగానే అంది. నాకు చాలా కోపం వచ్చింది. ఒక మొక్క వేళ్ళతో సహా పీకి, బకెట్ నీళ్ళలో జాడించి, మా చెల్లెలి చేతికే ఇచ్చాను.

వేళ్ళ నిండా బుడిపెలు. ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని, దారానికి వరసగా ముడులు వేసినట్టు. వేరుశనగ వేళ్ళకీ బుడిపెలుంటాయి కదా అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. వేరుశనగ బుడిపె వేరుకి పక్కన అంటుకుని ఉంటుంది, గోటితో గీకితే ఊడొస్తుంది, చిదిపితే లోపల ఎర్రగా ఉంటుంది, అది నత్రజని పట్టే మంచి బాక్టీరియా ఇల్లు. ఇక్కడ వేరే ఉబ్బిపోయింది, గీకితే ఊడదు. బడిలో వేరు బొమ్మ వేయించి భాగాలు గుర్తించమంటారు గానీ, జబ్బు చేసిన మొక్కని ఒక్కసారి పీకి చూపిస్తే ఎంత బాగుండు!

ఇది నులిపురుగుల పని, కడుపులోవి కాదు, మట్టిలో ఉండి వేళ్ళకి పట్టే నెమటోడ్లు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొసలోంచి దూరి, లోపలికి పాకి, కొన్ని కణాల్లోకి తన లాలాజలం ఎక్కిస్తుంది. దాంతో ఆ కణాల్లో కేంద్రకాలు విడిపోతూనే ఉంటాయి గానీ కణం మాత్రం విడిపోదు, ఒక్కో కణంలో పదుల కొద్దీ కేంద్రకాలు పోగై రాక్షస కణాలవుతాయి. మొక్క పంపిన తిండంతా వాటిలోకి పోతుంది, పురుగు అక్కడే కూర్చుని తాగుతుంది. ఆడది ఉబ్బి కదల్లేని స్థితికొచ్చి, జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది. మన వేడికి ఇదంతా నెల రోజుల పని. అలా బలహీనపడ్డ వేళ్ళలోకి ఎండుతెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం తేలిగ్గా దూరుతుంది.

ఇప్పుడు బంతి. దాని ఘాటు వాసనకే పురుగులు పారిపోతాయని చాలామంది అనుకుంటారు. ఆకుల వాసన తెల్లదోమ లాంటి వాటి మీద కొంత పనిచేస్తుంది, కానీ నులిపురుగు విషయంలో అసలు కథ వేళ్ళలో ఉంది. ఆల్ఫా టెర్థియనిల్ అనే పదార్థం, గంధకమున్న మూడు ఉంగరాలు వరసగా అతుక్కున్న అణువు. 1947లో దీన్ని బంతిపూలలోంచి వేరుచేశారు, అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. ఇది నులిపురుగుల్ని చంపుతుందని 1958లో నెదర్లాండ్స్‌లో తేలింది. వెలుగు తగిలితే ఇది మామూలు ఆక్సిజన్‌ని సింగ్లెట్ ఆక్సిజన్ అనే మహా చురుకైన రూపంగా మారుస్తుంది, అది దొరికిన కొవ్వునీ ప్రొటీన్‌నీ కాల్చేస్తుంది.

మరి మట్టిలో వెలుగెక్కడిది? నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇదే. పురుగు గుచ్చినప్పుడు వేరులో పెరిగే పెరాక్సిడేజ్ అనే ఎంజైమే వెలుగు చేసే పని చేస్తుందని ఒక ప్రతిపాదన ఉంది. 2019లో జపాన్ పరిశోధకులు ఈ పదార్థం పురుగు చర్మం గుండా లోపలికి దిగి ఆక్సీకరణ ఒత్తిడి, అంటే చురుకైన ఆక్సిజన్ రూపాలు పోగై కణాల్ని దెబ్బతీసే స్థితి, పుట్టిస్తుందని చూపించారు. పైగా బంతి వేరులోకి దూరిన పిల్లకి రాక్షస కణాలు కట్టుకోవడం కుదరదు, తిండి లేక అక్కడే ఆగిపోతుంది. అంటే బంతి వేరు ఆ పురుగులకి ఒక బోను.

అందుకే గులాబీ పక్కన ఒక్క బంతి నాటి పనైపోయిందనుకుంటే లాభం లేదు. దాని ప్రభావం వేళ్ళు పాకిన మట్టి వరకే. మడి మొత్తం జానెడు దూరంలో బంతి నారు వేసి రెండు నెలలకు తగ్గకుండా పెంచాలి, మధ్యలో కలుపు ఉండకూడదు, ఆ కలుపు వేళ్ళలోనే పురుగు బతికిపోతుంది. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త, బంతికి ఎర్రనల్లి పట్టి పక్కనున్న గులాబీకి ఎక్కుతుంది.

పిన్ని శ్రావణంలో చిన్న బంతి వేసింది. పూలు దసరాకి గుమ్మానికి ఎక్కాయి. కార్తీకంలో మొక్కల్ని మొదలంటా కోసి, వేళ్ళని మట్టిలోనే వదిలేసి కొత్త కనకాంబరం నారు పెట్టింది. సంక్రాంతి వెళ్ళాక మా చెల్లెలు తనంతట తనే ఒక మొక్క పీకి, జాడించి, వేళ్ళ ఫొటో పంపింది. రెండు చోట్ల బుడిపెలున్నాయి, మిగతా అంతా తెల్లగా, నున్నగా ఉంది.